సీరియల్లో లేని పిల్ల

మా బైండింగ్ షాపులో చేతులకు ఊపిరాడదు, నోటికి మాత్రం బోలెడు తీరిక. ప్రెస్సు నుంచి అచ్చయిన కాగితాలు వస్తాయి. మడతల పిన్ని వాటిని పదహారు పేజీల ఫారాలుగా మడిచి వరసలో పేరుస్తుంది. సూదక్క ఆ ఫారాలను కలిపి కుడుతుంది. నేను పుస్తకం వీపున జిగురు రాసి అట్ట వేస్తాను. చివర కటింగ్ మాస్టారు మిషన్ కింద పెట్టి మూడు పక్కలా అంచులు కోస్తాడు. నలుగురిదీ ఒకటే పొడుగాటి బల్ల. సాయంత్రం ఎవరింట్లో వాళ్ళు చూసిన సీరియల్ సంగతి పొద్దున ఆ బల్ల మీద తేలాల్సిందే.

అప్పట్లో మమ్మల్ని పట్టి పీడించింది ఏడు గంటల సీరియల్లో పెద్దకోడలు. నిక్షేపంలాంటి ఇంటిని ఆడపడుచు పేర రాసిచ్చేసింది. ఎందుకిచ్చావని అత్త అడిగినా, మొగుడు అడిగినా, ఆఖరికి జడ్జి అడిగినా నోరు మెదపలేదు. నాలుగొందల ఎపిసోడ్లుగా అదే వరస. మొగుడి ప్రాణం కాపాడటానికే సంతకం పెట్టిందని మాస్టారి వాదన. ఆవిడ మహా ముదురు, లోపల వేరే ఎత్తు ఏదో ఉందని నా వాదన. రాసేవాడికే తెలిసి ఉండదు, తెలిస్తే ఇన్నాళ్ళు కడుపులో దాచుకోగలడా అని మడతల పిన్ని. నాకు ముక్కు మీద ఉంటుంది కోపం. మాట పట్టుకుంటే వదలను. షాపులో నన్ను లాయరు అంటారు, అది పొగడ్త కాదని నాకూ తెలుసు.

నేను చెప్పాలని కూర్చున్నది సూదక్క గురించి. నలభై ఆరేళ్ళ మనిషి, గట్టిగా గాలి వేస్తే పడిపోయేటట్టు ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. పుట్టినప్పటి నుంచి దగ్గు. కుడుతూ కుడుతూ ఆగి, గోడ వైపు తిరిగి దగ్గి, మళ్ళీ అదే కుట్టు దగ్గర అందుకునేది. మైనం రాసిన దారాన్ని పళ్ళతో తెంపొద్దని ఎంత చెప్పినా వినేది కాదు. ఇరవై ఏళ్ళలో ఆవిడ కుట్టిన పుస్తకం ఒక్కటి కూడా ఊడి వెనక్కి రాలేదు. అంత పనిమంతురాలి నోట రోజుకు పది మాటలు వస్తే గొప్ప. సీరియళ్ళు చూడదు. చూసేది వాళ్ళమ్మ. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

ఆ అమ్మకు కొంతకాలంగా మతి నిలవడం లేదు. పొద్దస్తమానం టీవీ ముందే. కథలో ఎక్కడైనా పట్టు తప్పితే కూతుర్ని అడిగేది. కూతురికేం తెలుసు? తెచ్చి మమ్మల్ని అడిగేది. "మా అమ్మ కనుక్కోమంది" అని ఆవిడ మొదలుపెడితే చాలు, ముగ్గురం చెవులు రిక్కించేవాళ్ళం. మొదట్లో సరైన ప్రశ్నలే వచ్చాయి. పోనుపోను కలగాపులగం అయిపోయింది. పెద్దకోడలు ఆ డాక్టర్ని ఎందుకు చేసుకుందని అడిగిందోసారి. డాక్టరు ఆరు గంటల సీరియల్లోవాడు, పెద్దకోడలి మొహం కూడా చూసి ఎరగడు. మాస్టారు ఓపిగ్గా ఒక పాడైన అట్టముక్క వెనక ఏ మనిషిది ఏ సీరియలో పట్టిక రాసి ఇచ్చాడు. సూదక్క దాన్ని తీసుకెళ్ళి టీవీ పక్కన ఆనించింది. వాళ్ళమ్మ ఆసాంతం చదివి, వీళ్ళంతా మనకేమవుతారే అని అడిగిందట. ఆ మాటకు మేం పడీ పడీ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఎందుకు నవ్వామా అనిపిస్తుంది.

ఒక సోమవారం వచ్చిన ప్రశ్న పట్టికలో ఎక్కడా లేదు. ఒక తల్లికి ఇద్దరు ఆడపిల్లలు. మొగుడు పోయాడు. పెద్దదానికి మూడేళ్ళు, రెండోది చంటిపిల్ల. పిల్లల్లేని దంపతులెవరో వచ్చి అడిగితే పెద్దదాన్ని ఇచ్చేసింది. ఎందుకిచ్చింది? ఇస్తే ఇచ్చింది, పెద్దదాన్నే ఎందుకిచ్చింది?

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టడం సీరియల్ వాళ్ళ పని, నాకు చేతకాదు. ఆ కథ ఏ సీరియల్లోనూ లేదు. అది సూదక్క ఇంట్లో జరిగింది. ఆ చంటిపిల్ల సూదక్కే.

చదువుకునే రోజుల్లో ఆవిడ తన పుట్టిన సర్టిఫికెట్టులో "రెండవ సంతానం" అని ఉండటం చూసి తల్లిని అడిగిందట. గుమాస్తా పొరపాటు అంది తల్లి. సూదక్క నమ్మింది, ముప్పై ఏళ్ళు నమ్మింది. ఆ సోమవారానికి ముందు ఒకరోజు టీవీలో ప్రకటనలు వస్తుండగా తల్లి తనంతట తనే ఈ కథ మొదలుపెట్టింది, నిన్నటి ఎపిసోడ్ చెబుతున్నట్టు. ఆ పిల్ల మన పిల్లేనా అమ్మా అని సూటిగా అడిగితే పెదవులు బిగించి, నాకు నువ్వొక్కదానివే అని అటు తిరిగి పడుకుంది. ఆ పూట ముద్ద ముట్టలేదు. టీవీలో సంగతిలాగా అడిగితే మాత్రం గలగలా చెబుతుంది. ఉన్న జ్ఞాపకం కూడా ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పాడు. అది కాస్తా చెరిగిపోయేలోగా ఎందుకు అన్న ఒక్క ముక్క తెలుసుకోవాలి. చెప్పడానికి లోకంలో ఇంకెవరూ లేరు. సూదక్క ఆరాటమంతా అదే.

ఇవేవీ మాకు అప్పుడు తెలియవు. మేం మా ధోరణిలో ఆ సీరియల్ కోసం వెతకడం మొదలుపెట్టాం. మాస్టారు భార్యను అడిగాడు, వదినను అడిగాడు, పక్కింటివాళ్ళను అడిగాడు. ఎవరూ చూడలేదు. ఏదో డబ్బింగ్ సీరియలై ఉంటుందని తేల్చాడు. చూడనంత మాత్రాన వాదించకూడదని ఎక్కడుంది? వాదించాం.

డబ్బు తీసుకునే ఇచ్చి ఉంటుందని మాస్టారు మొదటిరోజు అన్నాడు. సూదక్క ఆ మాట మోసుకెళ్ళి, మా మాస్టారు ఇలా అంటున్నాడని తల్లితో అంది. తల్లి నిప్పులు చెరిగింది. పైసా ముట్టలేదు, వాళ్ళు తెచ్చిన పళ్ళు కూడా తలుపు బయటే పెట్టించింది, నోరుంది కదా అని మీ మాస్టారు ఏదైనా అంటాడా అని తిట్టిపోసింది. మర్నాడు ఈ వార్త విని మాస్టారు బుర్ర గోక్కున్నాడు. పెద్దపిల్ల మొగుడి మొదటి భార్యకు పుట్టిందేమో అంది పిన్ని. దానికి తల్లి నవ్విందట, రెండూ దాని కడుపున పుట్టినవే అని. అలా రోజుకో వాదం వెళ్ళేది, రోజుకో జవాబు వచ్చేది. మా నోటి తీట ఆవిడకు అంత పనికొస్తోందని మాకేం తెలుసు?

నాలుగోరోజు నా వంతు. నేను జిగురు కుంచె డబ్బాలో పడేసి తీర్పు చెప్పాను. ఇందులో గోక్కోవడానికేముంది, చిన్నదంటే ప్రాణం, పెద్దదంటే లేదు. దాని మొహం చూస్తే చచ్చిన మొగుడు గుర్తొచ్చి ఉంటాడు, వదిలించుకుంది, రాతిగుండె మనిషి అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయలేను. సూదక్క కుడుతూనే ఉంది. ఆరోజు ఆవిడ కుట్టిన పుస్తకంలో ఒక ఫారం తలకిందులుగా ఉంది. మాస్టారు అంచులు కోశాక గానీ ఎవరూ చూడలేదు. అలాంటిది ఆవిడ చేతిలో జరగడం అదే మొదలు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం.

మర్నాడు నా వాదానికి జవాబు రాలేదు. అడగలేదా అంటే లేదంది. నాకు ఒళ్ళు మండింది. అందరి మాటా అడిగి నా మాట అడగకపోవడమేమిటి? పైగా నాకు తెలియని సీరియల్ ఒకటి ఉండటం నాకు మింగుడుపడటం లేదు. శనివారం సాయంత్రం మీ ఇంటికొస్తాను, అది ఏ ఛానల్లో వస్తుందో నా కళ్ళతో చూడాలి అన్నాను. ఆవిడ దారం పళ్ళతో తెంపి, రా అంది.

బస్సు దిగి నడుస్తుండగా మొత్తం చెప్పింది. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఆవిడ నోట అన్ని మాటలు నేను అంతకుముందు వినలేదు. నేనన్న రాతిగుండె మాట నా చెవుల్లోనే గింగిర్లు తిరిగింది.

"మరి నన్ను అంతలేసి మాటలు ఎందుకు అననిచ్చావక్కా?" అన్నాను.

"నువ్వు అనాలనే చూశాను. నాకు అనడానికి నోరు రాని మాటలవి. నువ్వంటే వినొచ్చుగా," అంది. కొంచెం నడిచాక మళ్ళీ తనే అంది. "నీ మాట మాత్రం అమ్మను అడగలేకపోయాను. అవునంటే? నేను ముద్దొచ్చానని అక్కను తోసేసిందంటే, ఆ ముద్దు నేనేం చేసుకోను?"

లాయరునని పేరున్న నేను ఆ వీధి చివరిదాకా ఆవిడ వెనకే నడిచాను.

రెండో అంతస్తులో ఒక గది, వంటిల్లు. కుట్టుమిషన్ బల్ల మీద టీవీ, దాని పక్కన మాస్టారి పట్టిక. మంచం అంచున, తెరకు మూరెడు దూరంలో తల్లి కూర్చుని ఉంది. నన్ను ఎవరని అడిగి, సమాధానం వినకుండానే పక్కన కూర్చోమంది. సీరియల్ వచ్చింది. పెద్దకోడలు ఆరోజూ నోరు మెదపలేదు. ప్రకటనలు మొదలయ్యాయి. సూదక్క వంటింట్లోంచి టీ గ్లాసులు పట్టుకొచ్చి తల్లి ముందు వంగింది. తల్లి గ్లాసు అందుకోలేదు. కూతురి మొహంలోకి అదే పనిగా చూసి, మణికట్టు పట్టుకుంది.

"వచ్చావా? ఎంత పొడుగయ్యావే. ఇంత పిల్లవి కదా," అని మూడేళ్ళ పిల్లంత ఎత్తు చేత్తో చూపించింది.

ఎవరనుకుంటోందో నాకు అర్థమయ్యేలోపే సూదక్కకు అర్థమైంది. గ్లాసులు కింద పెట్టింది. కాదమ్మా, నేను చిన్నదాన్ని అంటుందనుకున్నాను. అనలేదు.

"వచ్చానమ్మా," అంది. "నన్నెందుకు ఇచ్చేశావు?"

తల్లి ఏమాత్రం తడుముకోలేదు. "నువ్వు గట్టిపిల్లవి. పెడితే తిని, ఎవరి పక్కనైనా పడుకునేదానివి. అది దగ్గుపిల్ల. దాన్నెవరు తీసుకుంటారు? నెల కూడా బతకదన్నారు. చచ్చేపిల్ల తల్లి దగ్గరే ఉండాలి కదమ్మా. అది పోగానే వచ్చి నిన్ను తెచ్చుకుందామనుకున్నాను." ఆ చెయ్యి వదలకుండానే గొంతు తగ్గించింది. "తీరా అది పోలేదు."

టీవీలో ఎవరో సబ్బు గురించి పాడుతున్నారు. నేను దాని వైపే చూస్తూ కూర్చున్నాను. మేం ముగ్గురం నాలుగు రోజులు తన్నుకులాడిన ప్రశ్నకు జవాబు దొరికింది. మాలో ఒక్కరికి కూడా తట్టని జవాబు. ఆ తల్లిని తిట్టాలో, దణ్ణం పెట్టాలో నాకు తెలియలేదు. సూదక్కను ముద్దుబిడ్డ అనాలో, అడ్డొచ్చిన బిడ్డ అనాలో అదీ తెలియలేదు. ఈరోజుకీ తెలియదు. ఆవిడ కన్నీళ్ళు పెట్టుకోలేదు. తల్లి చేతిలో ఉన్న తన చేతిని చూసుకుంటూ ఉంది, అది ఎవరిదో అన్నట్టు.

ఉన్నట్టుండి తల్లి వీధి తలుపు వైపు చూసింది. మొహంలో కంగారు మొదలైంది. "అది ఇంకా రాలేదేమిటి? చిన్నది. పనికెళ్ళింది. చలిగాలి దానికి పడదు," అంది. లేవబోయింది. నేను భుజం పట్టుకున్నా ఆగలేదు. చెప్పులేవి, చెప్పులేవి అని మంచం కింద కాలితో వెతికింది. ఒక్క క్షణం కిందట పోలేదని చెప్పిన పిల్ల కోసమే ఇప్పుడు ఆ ముసలిప్రాణం అల్లాడిపోతోంది.

"నువ్వు కూర్చో. నేను చూసొస్తాను," అని సూదక్క చెయ్యి విడిపించుకుని బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. అవతల చాలాసేపు దగ్గు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. వెళ్ళి చూద్దామా అని నేను సగం లేచాను. అంతలో తలుపు తోసుకుని లోపలికొచ్చింది, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"అమ్మా, వచ్చాను," అంది.

తల్లి మొహం విప్పారింది. మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చింది. ఇంత ఆలస్యమైతే ఎలాగని మందలించింది. టీ చల్లారిపోతుంది తాగమంది. అంతలో ఏదో గుర్తొచ్చి కూతురి వైపు వంగింది.

"ఇప్పుడే మీ అక్క వచ్చి వెళ్ళింది. మెట్ల మీద ఎదురుపడలేదూ?"

సూదక్క గ్లాసు చేతిలోకి తీసుకుంది. తాగలేదు.

"లేదమ్మా. ఎలా ఉంది?"

"బాగానే ఉంది," అంది తల్లి. "నన్నొక్క మాట కూడా అనలేదు."