ఒకే రాజు, మూడు బొమ్మలు

2000వ సంవత్సరం. సింగపూర్‌లోని సెరంగూన్‌లో నాకు ఫోటో ఫ్రేముల దుకాణం ఉండేది. మనవాళ్లు కంప్యూటర్ ఉద్యోగాలకని విమానాల నిండా దిగుతున్న రోజులవి. పెళ్లి ఫోటోలు, కంపెనీ సర్టిఫికెట్లు, వెంకటేశ్వరస్వామి పటాలతో నాకు ఊపిరి సలిపేది కాదు.

ఒక శనివారం ఊరి అటు చివరి క్లెమెంటి నుంచి సుశీలమ్మగారు వచ్చారు. భర్త పోయి ఏడాది కావస్తోంది, వచ్చే వారమే సంవత్సరీకం. దండ వేయడానికి ఇంట్లో ఆయన పటం ఇంకా లేదు. వెంట శిరీష ఉంది. వరంగల్ పిల్ల, యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తూ ఆవిడ ఫ్లాట్‌లోనే గది అద్దెకు తీసుకుంది. చంకలో ఫ్రేము కట్టించడానికి తెచ్చిన పెద్ద కాగితాల చుట్ట.

"ఏ ఫోటో పెద్దది చేయమంటారమ్మా?" అన్నాను.

ఆవిడ కవర్లోంచి మూడు తీశారు. మీసాల కుర్రాడు, సూటులో నడివయసు పెద్దమనిషి, జబ్బుతో బుగ్గలు పీక్కుపోయిన ముసలాయన.

"పిల్లలు సూటుదే పెట్టమంటున్నారు బాబూ. 'లాస్ట్‌ది వద్దు లా అమ్మా, డాడీ సిక్‌గా ఉన్నారు' అంటాడు ఇక్కడి మాటకు అలవాటుపడ్డ మా అబ్బాయి. ఆ కోటేమో పక్కింటాయనది. అదొక్కటే గోడకి పెడితే మిగతా మనిషి ఏమైపోవాలి?"

నాకసలే ఓపిక తక్కువ, పైగా శనివారం రద్దీ. "సూటుదే కానిద్దామమ్మా" అన్నాను. ఆవిడ ఫోటోలు కవర్లో పెట్టేసుకున్నారు.

ఈలోగా శిరీష చుట్ట విప్పి మూడు బొమ్మలు బల్లమీద పరిచింది. నల్లబట్టల్లో బక్కపలచని కుర్రాడు, జరీ అంగీలో మీసం మెలేసిన మగాడు, కళ్లకింద సంచులతో అలసిన పెద్దాయన. అందరికీ అదే పొడుగు దవడ.

"తాతా తండ్రీ మనవడా?" అన్నాను.

"కాదంకుల్, ఒక్కడే. ఎనకటి స్పెయిన్ రాజు. గీసినోడు గూడ ఒక్కడే. రాజు ఆయనకు జీతమిచ్చి, కోటల జాగ ఇచ్చి, పడుచుతనం నుంచి బొమ్మ గీపిచ్చుకున్నడు. నా రీసెర్చ్ గిదే."

"ముసలయ్యాక కూడానా?" సుశీలమ్మగారు ముందుకు వంగారు.

"అప్పుడు జంకిండు ఆంటీ, ముసలితనం కనబడ్తదని. అయినా గీయనిచ్చిండు."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని మూడో బొమ్మను చాలాసేపు చూశారు. "ఇదే బాగుంది. ఆ మనిషితో కాపురం చేసినవాళ్లు గీసినట్టుంది" అని, కవరు మళ్లీ తెరిచారు.

అద్దం కింద ఫోటో చుట్టూ అంచులా కనిపించే మందపాటి అట్టను మౌంట్ అంటాం. ఒకే అట్టలో మూడు కిటికీలు కోయొచ్చు. ఆ మాట చెప్పగానే ఆవిడ ముఖం విప్పారింది. "ముసలాయన్ని మధ్యలో పెట్టు బాబూ. ఆ ఇద్దరూ చెరోవైపు పట్టుకుంటారు."

ఆ మౌంట్ కోసేముందు కొలతలు మూడుసార్లు సరిచూసుకున్నాను. ఎవరి పటానికీ అంత భయపడలేదు.

పటం తీసుకెళ్లడానికి వాళ్లబ్బాయి కూడా వచ్చాడు. మధ్య కిటికీ చూసి ఏదో అనబోయాడు. అతని చూపు ఎడమవైపు కుర్రాడి మీదికీ, సూటు మీదికీ వెళ్లి మళ్లీ మధ్యకే వచ్చింది. "అమ్మా, డాడీ మొత్తం ఉన్నారు లా" అన్నాడు. దాన్ని రెండు చేతులా గుండెకి ఆనించుకుని ట్యాక్సీ దాకా మోసుకెళ్లాడు.

ఆ తర్వాత పోయినవారి పటం కోసం ఎవరొచ్చినా ఏ ఫోటో పెద్దది చేయాలని నేను అడగలేదు. కుర్చీ వేసి, "ఉన్నవన్నీ తీయండి, చూద్దాం" అనేవాణ్ని.