మస్కట్ గట్టు మీద శుక్రవారం

మా బిడ్డ, అల్లుడు దుబాయ్‌లో ఉంటారు. ముచ్చటపడి నన్ను కూడా ఓడ ప్రయాణానికి తీసుకెళ్లారు. ఓడ మస్కట్‌లో ఆగిన రోజు వాళ్లు కోట చూడటానికి బస్సెక్కుతుంటే, మోకాళ్ల నొప్పులని వంక పెట్టి నేను సముద్రపు గట్టు దగ్గరే ఉండిపోయాను.

అసలు సంగతి వేరు. మా ఆయన చాలా ఏళ్లు ఈ ఊళ్లో మేస్త్రీ పని చేశారు. శుక్రవారం సెలవు. ఈ గట్టు మీద కూర్చునే కోరుట్లలో ఉన్న నాకు ఫోన్ చేసేవారు. ఎప్పుడడిగినా సుఖంగానే ఉన్నానన్నారు, నేనూ నమ్మాను. నిరుడు ఆయన పోయాక మాత్రం అది నిజమేనా అన్న అనుమానం పట్టుకుంది. అడుగుదామంటే మనిషి లేడు. కనీసం ఆ చోటైనా చూస్తే తెలుస్తుందేమోనని ఆశ.

చోటు అందంగానే ఉంది, కాదంటే పాపం. నల్లటి కొండలు, వాటి కింద తెల్లటి ఇళ్లు, చేపలు కనబడేంత తేట నీళ్లు. మా ఓడలో వచ్చినావిడ ఫోన్ చేతికిచ్చి ఫొటో తీయమంటే తీశాను. నిన్ను కూడా తీయనా అని మాత్రం అడగలేదు మహాతల్లి. గట్టు పొడుగునా నడిచాను. ఆయన ఎక్కడ కూర్చునేవారో ఎట్లా తెలుస్తుంది? నా పిచ్చిగానీ. అలిసి ఓ పక్కన కూలబడ్డాను. ఆయన పోయిన రోజు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. ఆ రోజు ఇంటినిండా జనం.

బిడ్డ ఫోన్ చేస్తే మాట్లాడి పెట్టేశాను. పక్కన కూర్చున్న మనిషి నా మాట విని ఇటు తిరిగాడు. కుడిచేతికి గుడ్డ కట్టు.

"మన దిక్కోల్లేనా అక్కా? మాది రుద్రంగి. ఏ అరబ్బింట్ల పనిజేస్తున్నవ్?"

కొత్త చీర, బూట్లు, మెడలో ఓడవాళ్ల కార్డు. ఇంత ముస్తాబైనా పనిమనిషినే అయ్యాను. ఉక్రోషం వచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. మా దిక్కు ఆడది ఇక్కడ ఒంటరిగా కనబడితే ఇంకేమనుకుంటాడు?

"పనికి గాదు తమ్మీ. మాది కోరుట్ల. ఊరు సూడనీకొచ్చిన."

"ఈడ ఏముందక్కా సూడనీకి?"

చెయ్యి ఏమైందని అడిగాను. మిషన్‌లో పడి వేళ్లు నలిగాయట, పనికి పోవడం లేదట. ఇంట్లో చెప్పలేదట.

"వీడియోల కట్టు కనవడ్తదని ఉత్త ఫోనే జేస్తున్న. రూంల లొల్లి లొల్లి ఉంటది. ఈడికెల్లి జేస్తే సముద్రం సప్పుడు ఇని మా ఆమె ఖుషైతది."

ఆ చప్పుడు నేనూ ఎన్నో శుక్రవారాలు విన్నాను.

అంతలో అతని భార్య ఫోన్ చేసింది. "మంచిగున్ననే. కోరుట్ల అక్క గలిసింది, గామెనే అడుగు," అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. పరాయి దేశంలో మన దిక్కు మనిషి కలిస్తే ఇంటివాళ్లకు ఓ మాట చెప్పడం మాలో రివాజే. ఏం చెప్పాలో కూడా అందరికీ తెలుసు.

"అక్కా, నిజం జెప్పు. ఎట్లున్నడు?"

అతను కట్టున్న చెయ్యి ఒళ్లో దాచుకుని నన్నే చూస్తున్నాడు.

"నిజమడిగినవ్ గన్క జెప్తున్న చెల్లె. చెయ్యికి దెబ్బ తగిలింది. పనికి పోతలేడు."

"ఎంత పనిజేసినవక్కా," అని అతను ఫోన్ లాక్కున్నాడు.

ఆమె తిట్లు నాకు కూడా వినబడుతున్నాయి. ఎందుకు దాచావని, నేనేం పరాయిదాన్నా అని ఒకటే ఏడుపు. అతను తలొంచుకుని ఊఁ కొట్టాడు. తర్వాత మెల్లగా నొప్పి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి వీడియో పెట్టి కట్టు చూపించాడు. నేనక్కడ ఉన్న సంగతే మరిచిపోయాడు.

లేచి ఓడ వైపు నడిచాను. అట్లా తిట్టాలని నాకూ ఉంది. ఎవర్ని తిట్టను?