కరీం అన్న నీటి తోట

మా పక్కింటి కరీం అన్నకు చెట్ల గురించి తెలియనిది లేదు. ఆ మాట ఆయనే చెప్తాడు. సౌదీలోని దమ్మామ్‌లో ఇరవై ఏళ్లు రోడ్ల పక్కన ఖర్జూర చెట్లు నాటి, నడుము నొప్పితో ఎల్లారెడ్డికి తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే ఖాజాబీ వదిన పెంచిన మునగచెట్టు తప్పు చోట ఉందని తేల్చి, తవ్వించి, మంచి చోట పెట్టించాడు. గోడ మీద నుంచి తొంగి చూసి నా తులసికి కూడా సలహా చెప్పాడు. నా తులసి బాగానే ఉంది, ఎందుకంటే ఆయన చెప్పింది నేను చెయ్యలేదు. మునగచెట్టు మాత్రం పోయింది.

ఆ ఇంట్లో మామూలు మాటలు ఉర్దూలో నడుస్తాయి. ఇవతల కుట్టుమిషన్ ముందు కూర్చున్న నాకు కూడా వినబడాలని తాననుకున్న మాటను మాత్రం వదిన తెలుగులో అంటుంది. అందుకని వాళ్ల కాపురంలో ముఖ్యమైన సంగతులన్నీ నాకు తెలుసు.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, షగుఫ్తా. చిన్నప్పుడు ఆ పిల్లను "అబ్బా ఏడీ?" అని అడిగితే ఫోను చూపించేది. ఆయన సెలవు మీద వచ్చి ఎదురుగా కూర్చున్నా ఫోను దిక్కే చూసేది. ఇప్పుడు కామారెడ్డిలో నర్సింగు చదువుతోంది. ఆయన ఇంటికి చేరేసరికి ఆమె హాస్టల్‌కు పోయే వేళయింది. పోతూ పోతూ తన నీలం ఫైటర్ చేపను గాజు తొట్టితో సహా తండ్రికి అప్పజెప్పింది.

"అబ్బా, దీనికి నీళ్లల్ల మొక్కలు పెట్టు. పైకి ఆకుంటే దాని మీద పండుకుంటది. ప్లాస్టిక్‌ది వద్దు, తోక చిరుగుతది. అల్కగ బతికేటియి తే, చాలు."

బిడ్డ ఆయన్ను ఒక పని అడగడం అదే మొదటిసారి. ఇదివరకు ఏదైనా అడిగితే పంపమని అడిగేది, చెయ్యమని కాదు. ఆ రోజు ఆయన ముఖం చూస్తే నాకే సంతోషమేసింది. ఆ తొట్టిలో ఒక్క మొక్క తన చేతి మీదుగా పచ్చగా నిలవాలి, బిడ్డ వచ్చి చూడాలి, అంతకన్నా ఆయనకు ఇంకేం అక్కర్లేదు.

దారాలు, లైనింగు గుడ్డ తెచ్చుకునే పని నాకూ ఉండటంతో ఇద్దరం బస్సెక్కి కామారెడ్డి పోయాం. చేపల దుకాణం మహేందర్ మందపాటి ఆకుల మొక్క ఒకటి తీశాడు. అనూబియాస్ అట.

"కొత్తోళ్లకు ఇదే మంచిది చాచా. ఎండ వద్దు, ఎరువు వద్దు. ఏం తెల్వనోళ్ల చేతుల గూడ బతుకుతది."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

"తెల్వనోళ్లది తెల్వనోళ్లకు అమ్ము. తెలిసినోళ్లది నాకు చూపెట్టు," అన్నాడు కరీం అన్న.

మహేందర్ ఎర్ర ఆకుల మొక్క చూపించి, దానికి వేరే లైటు పెట్టాలని, గ్యాసు వదలాలని చెప్పబోయాడు. ఈయన అప్పటికే కవరు పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. ఊళ్లో నాట్లు మొదలయ్యేలోపే ఆ ఎర్ర మొక్క కరిగి నీళ్లలో కలిసిపోయింది. తప్పు కామారెడ్డి నీళ్లదని తీర్పు చెప్పాడు. తొట్టిలో ఉన్నవి ఎల్లారెడ్డి నీళ్లే.

రెండోసారి పోయినప్పుడు ఏమీ మాట్లాడకుండా అనూబియాస్ తీసుకున్నాడు. మహేందర్ దాని దుంప చూపించి మరీ చెప్పాడు.

"దీన్ని పాతొద్దు చాచా, కుళ్లుతది. దారంతోని రాయికి వదులుగ కట్టి ఇడిసిపెట్టు. దారం పాడయ్యేలోపట అదే పట్టుకుంటది."

"చెట్టును కట్టేసుడేంది? మేకనా అది?"

నా సంచి నిండా దారపు రీళ్లే. ఒకటి ఇస్తానన్నా తీసుకోలేదు. ఆ దుంప చూస్తే అచ్చం పసుపు కొమ్ము, పసుపు కొమ్మును మన దిక్కు పాతకుండా ఎవరుంటారు? పైగా దమ్మామ్‌లో లోతుగా పాతని చెట్టును గాలి ఎత్తుకుపోయేదట. ఇంటికొచ్చి మోచేతి దాకా తొట్టిలో చెయ్యి పెట్టి దాన్ని గులకరాళ్ల కింద అణచి పాతేశాడు.

"అన్నా, తొట్టిల గాలెక్కడిది?" అని అడిగాను.

"చెట్టు చెట్టే గద," అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. వేరు పట్టిందా లేదా అని రోజూ పీకి చూసి మళ్లీ పాతేవాడు. ఆ చెయ్యి లోపలికి వచ్చినప్పుడల్లా చేప ఒక మూలకు పోయి నిలబడేది. ఆయన వంటింట్లోకి వస్తే ఖాజాబీ వదిన కూడా అట్లాగే ఒక మూలకు పోయి నిలబడుతుంది. ఆకులు పసుపు పచ్చబడి, దుంప మెత్తబడి, తొట్టి వాసన కొట్టింది. వదిన ఆ కుళ్లినదంతా తీసి, పెరట్లో వాననీళ్లు నిలిచిన పాత గోలెంలో విసిరేసింది.

"ఏం తెల్వనోళ్లకు గూడ బతికేదట," అంది, తెలుగులో.

తర్వాత ఆయన చేసిన పని మాత్రం నాకు నచ్చలేదు. బజారుకు పోయి ప్లాస్టిక్ మొక్క తెచ్చి తొట్టిలో పెట్టాడు. బిడ్డ ఫోన్ చేస్తే దూరం నుంచి చూపించాడు.

"మస్తు పచ్చగున్నది అబ్బా! ఏం చేసినవ్?"

"ఏముంది బేటా, చెట్లు నాకు కొత్తనా?"

ఫోను పెట్టేశాక చాలాసేపు తొట్టి ముందే కూర్చున్నాడు. వరికోతలు మొదలైనప్పటికి చేప తోక చివర్లు చిరిగిపోయాయి. అప్పుడే షగుఫ్తా ఫోన్ చేసి, పరీక్షలు అయిపోయినయి, సాయంత్రం బస్సుకు వస్తున్న అంది.

కరీం అన్న ప్లాస్టిక్ మొక్కను పీకి పారేశాడు. తొట్టిలో ఇక చేప ఒక్కటే. గోడ దగ్గరికొచ్చి, "కామారెడ్డి పోయి రావొచ్చా ఇప్పుడు?" అని నన్ను అడిగాడు. ఆ గొంతు వింటే జాలేసింది. పోయి రావచ్చు గానీ బిడ్డ అంతకు ముందే దిగుతుంది.

అప్పుడు ఖాజాబీ వదిన గోలెం దగ్గర నుంచి తడి చేతులతో వచ్చింది. చేతిలో విరిగిన పెంకు ముక్క. దాన్ని వేర్లతో గట్టిగా పట్టుకుని బొటనవేలంత దుంప, దాని మీద ముదురాకుపచ్చని ఆకులు. పాత దుంపలో కుళ్లకుండా మిగిలిన ముక్క గోలెం అడుగున పడి తన పని తను చేసుకుంది.

"ఏమేసినవ్ దీనికి?" అన్నాడు కరీం అన్న.

"ఏమెయ్యలె. యాది మరిచిన."

వదిన పెంకును తొట్టిలో దించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నువ్వే పెంచినవని చెప్త తియ్యి. ప్రతి ఈదు పండుగకు గౌన్లు త్రివేణి కుట్టంగ, 'మీ అబ్బా దమ్మామ్ నుంచి పంపిండు' అని బిడ్డకు నేను చెప్పలేదా? గిది గూడ గట్లనే."

మిషన్ మీద నా కాలు ఆగిపోయింది. ఆ గౌన్లు కుట్టింది నేనే. దమ్మామ్ అంగడిలో కొన్నట్టు కనబడాలని లోపల మడతలు ఎంత శ్రద్ధగా దాచేదాన్నో. ఈ సంగతి ఆయనకు ఇప్పటిదాకా తెలియదు. కరీం అన్న వాకిట్లోనే కూర్చుండిపోయాడు.

షగుఫ్తా వచ్చి సంచి కింద పెట్టకుండానే తొట్టి దగ్గరికి పోయింది. చేప అప్పటికే ఒక ఆకు మీద ఒరిగి ఉంది. "అబ్బా, నువ్వే పెంచినవా?" అంది. వదిన నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు.

"నేను చంపిన బేటా, రెండు సార్లు. ఫోన్ల చూపెట్టింది ప్లాస్టిక్‌ది. ఇది మీ అమ్మీది. గౌన్లు గూడ మీ అమ్మీ కుట్టిచ్చినయే."

"గౌన్ల సంగతి నాకు తెల్వదా అబ్బా?" అంది ఆ పిల్ల. "కుచ్చిళ్లల్ల త్రివేణి అత్త సుద్ద గీతలుండేవి."

అంత దాచీ సుద్ద గీతలు మరిచానా అని నామీద నాకే కోపమొచ్చింది. షగుఫ్తా నవ్వుతూ దుంప చివర ఒక ముక్క తుంచింది. "హాస్టల్ల చేప వద్దంటరు గని మొక్కను ఏమనరు. సీసాల పెట్టుకుంట. రాయికి నువ్వు కట్టియ్యి అబ్బా."

ఆయన ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని గోడ దగ్గరికొచ్చాడు.

"త్రివేణీ, దారమున్నదా?"

జీన్సు కుట్టే గట్టి దారం రీలు తీసి ఇచ్చాను. దాన్ని వేళ్లతో లాగి చూసి నాకే తిరిగిచ్చాడు.

"ఇంత గట్టిది వద్దు చెల్లె. వదులుగనే కట్టాల్నంట."