సింతపండు కొడుతూ ఫ్రెంచి పాఠం

నిన్న ఫోన్లో మీరిద్దరూ నాకు బడి పాఠం అప్పజెప్పినారు కదా. పెద్దది "ఝు వే పార్లే, తు వా పార్లే" అని ఎత్తుకోగానే, ఇక్కడ ఆమదాలవలసలో కూసుని మిగతా వరసలు నేనందుకున్నాను. అమ్మమ్మకి ఫ్రెంచెలా వచ్చునని నోరెళ్ళబెట్టేసినారు. నాకు రాదమ్మా. వచ్చినవి ఆ ఆరు వరసలే. అవెలా వచ్చినాయో సెప్తాను గానీ, సెప్పాలనిపించింది ఇంకోదానికి. నిన్న మీ అమ్మ నాతో మాటాడతా ఒక మాట దగ్గర ఆగినాది. సిన్నది టక్కున ఆ మాట అందించేసినాది. ప్రేమతోనే అందించినాదని నాకు తెలుసు. ఇరవయ్యేళ్ళు నేను సేసిన పనే అది.

మీ అమ్మకి సిన్నప్పట్నుంచీ మాట అడ్డం పడతాది. అందులోనూ 'ప'తో మొదలయ్యే మాటయితే గొంతులో పీట వేసుకుని కూసుంటాది. పాలు, పెన్ను, పలాస టికెట్టు, అన్నీ దాని బదులు నేనే అడిగేదాన్ని. బస్సులో కండక్టరుకి నేనే, బడిలో పంతులమ్మకి నేనే, పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏటి సదువుతన్నావే అంటే దానికీ నేనే. మన దుకాణానికొచ్చినోళ్ళు మీ పిల్లకి నోరు లేదేటని అడిగితే, లేకేటి, నా దగ్గర దాసుకున్నాదని నవ్వేసేదాన్ని. ఏటి గొప్ప నవ్వో. అలాటి పిల్ల పట్టుబట్టి విశాఖపట్నంలో హోటలు సదువుకి సేరినాది. వచ్చినోళ్ళని పలకరించే కొలువంట! ఆ సదువులో ఫ్రెంచి కూడా ఉంటాదని సేరినాక తెలిసినాది. రాసే పరీక్ష సుబ్బరంగా రాసేసినాది. నోటితో సెప్పే పరీక్షలో మేడం ముందు నోరు పెగల్లేదు, తప్పిపోయినాది. ఇంకొక్కసారి పెడతామన్నారు. అదీ తప్పితే సదువు మానేసి ఇంటికొచ్చేయడమే. మీ తాత ధైర్యం సెప్దామనే అనుకున్నారు పాపం: "పోతే పోనీ అమ్మా, దుకాణంలో కూసుందువు గాని. ఇక్కడైతే నీ బదులు మాటాడ్డానికి మీ అమ్మ ఉన్నాది." అప్పుడు మీ అమ్మ నా వేపు ఒక సూపు సూసినాది. ఆ సూపుకి నాకు కూడు సయించలేదు.

అది హుదుద్ తుపానొచ్చిన ఏడు, తుపాను ముందర ఎండాకాలం. సీతంపేట వేపు నుంచి కొత్త సింతపండు బస్తాలు దిగినాయి. పెరటి వసారాలో బండ పెట్టుకుని, ఒక్కో కాయా సుత్తితో కొట్టి పిక్క తీసేదాన్ని. ఆ పని దగ్గర కూసుంటే సేతులు నల్లగా జిగురు పట్టేసేవి, ఇల్లంతా పుల్లటి వాసన. సెలవులకొచ్చిన మీ అమ్మ ఎదురుగా పుస్తకం పట్టుకుని కూసున్నాది. రేపో మాపో సేయబోయే పని గురించి సెప్పే పాఠమంట. మనం "ఎల్తన్నాను" అన్నట్టే ఒక మాట పెట్టి, పక్కన పని పేరు పెడితే సాలంట. పార్లే అంటే మాటాడ్డం. నేను మాటాడబోతన్నాను, నువ్వు మాటాడబోతన్నావు, అలా వాళ్ళు దాకా ఆరు వరసలు. పుస్తకం రాసినోళ్ళకి మా పిల్లకి ఇవ్వడానికి ఇంకో పనే దొరకలేదు కాబోలు!

"ఝు వే" అన్నాది. 'ప' దగ్గర ఆగిపోయినాది. అలవాటు కొద్దీ అందిద్దామని నేను నోరు తెరిసినాను. తెరిస్తే ఏటున్నాది, నా నోట్లో ఆ మాట లేదు. సుత్తి గాల్లో ఎత్తినదెత్తినట్టే ఉండిపోయినాది. అంత సేపు దాని కోసం నేనెప్పుడూ ఆగలేదమ్మా, ఇరవయ్యేళ్ళలో. అది సుత్తి వేపే సూస్తా, సూస్తా, "పార్లే" అన్నాది. అప్పుడు దించినాను. పిక్క ఎగిరి మీ తాత కాళ్ళ దగ్గర పడినాది. సింతపండుకి ఫ్రెంచి నేర్పుతన్నారేటే తల్లీకూతుళ్ళు, పులుపేమైనా తగ్గుతాదేటి అన్నారాయన. బస్తాలు అయిపోయేదాకా అదే పని. మాటొస్తే దెబ్బ, రాకపోతే సుత్తి గాల్లోనే.

ఒక్క పొరపాటు సేసినాం. నేను ఎక్కాలు నేర్సుకున్నట్టే దానికీ నేర్పించేసినాను. ఏడెనిమిదులెంతంటే ఏడొకట్ల దగ్గర్నుంచి ఎత్తుకుంటే గానీ నాకు రాదు. దానికీ అదే రోగం అంటుకున్నాది. మధ్యలో వరస అడిగితే తెల్లమొకమే.

పరీక్ష నాడు సాయంత్రం ఫోను మోగినాది. "అమ్మా, ప... ప..." అని ఆగిపోయినాది. పాసయ్యానంటాదో, పోయిందంటాదో. రెండు మాటలూ ఈసారి నాకు తెలుసు. రెండూ నాలిక సివర్న ఉన్నాయి. పళ్ళు బిగబట్టుకున్నాను. రోడ్డు మీద లారీ ఎల్లినాది, దుకాణంలో ఎవరో బెల్లమడిగినారు, మీ తాత నన్నే సూస్తన్నారు. నేను ఊఁ కూడా అన్లేదు.

"పాసయ్యానమ్మా" అన్నాది.

ఆ తరవాత మొత్తం అదే సెప్పినాది. "రేపు మీ అమ్మా నాన్నా ఏటి సేస్తారు?" అని మేడం దాన్ని అడిగినాదంట. వాళ్ళు అనేది ఆఖరి వరస. మన పిల్ల బల్ల మీద ఏలితో కొట్టుకుంటా మొదట్నుంచి ఎత్తుకున్నాదంట, నేను, నువ్వు, ఆయన, మేము, మీరు. ఆ మేడం కలం కింద పెట్టేసి, ఏటీ అనకుండా, ఆరో వరస దాకా కూసున్నాదంట. రేపు వాళ్ళు సింతపండు అమ్మబోతన్నారని సెప్పినాక గానీ కలం తీయలేదంట. ఆ తల్లి మొకం నేను సూడలేదు. మీ అమ్మ సేత పిక్క తీసిన కొత్త సింతపండు రెండు ముద్దలు పంపించినాను. పులుసు తింటాదో లేదో గాని, ఇప్పటికీ దీపం పెట్టినప్పుడు ఆవిడ్ని తలుసుకుంటాను.

ఇప్పుడు మీ అమ్మ పుదుచ్చేరిలో అంత పెద్ద హోటల్లో వచ్చినోళ్ళందర్నీ పలకరిస్తన్నాది. ఇంకా మాట దగ్గర ఆగుతాది, ఆగనీ. సిన్నదానా, నీకు ఆ మాట తెలిసినా తెలీనట్టే ఉండు తల్లీ. రేపనేది కూడా ఆ ఆరో వరస లాటిదే. మొదట్నుంచి సెప్పుకుంటా వస్తే గానీ ఎవరి నోటికీ రాదు. అందాకా పక్కన కూసున్నోళ్ళు సుత్తి ఎత్తి పట్టుకుని ఆగితే సాలు.