సిల్వర్ పేపర్ మానేసి కుంపటి తెచ్చారు

ఆ మధ్యాహ్నం మా ఆయన కలిపిన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ కంచంలో పెట్టేశారు. "తల పగిలిపోతోంది. వాంతి వచ్చేలా ఉంది" అన్నారు. మే నెల. నూజివీడులో మామిడి వ్యాపారం చేసేవాడికి మే నెలలో తలనొప్పి రాకపోతేనే ఆశ్చర్యం. పొద్దున బాపులపాడు వైపు తోటలో కోత చూసి వచ్చారు కాబట్టి ఎండదెబ్బ అనుకున్నాం. మజ్జిగ ఇస్తే తాగి, భోజనానికి లేచి వచ్చిన ఏసీ గదిలోకే, మా కొట్టు వెనక్కి, మళ్ళీ వెళ్ళిపోయారు. మా మరిది గోపి అప్పటికే అక్కడున్నాడు.

ఆ గది గురించి చెప్పాలంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఉత్తరాది నుంచి కాయ కొనడానికి వచ్చే షావుకార్ల కోసం కట్టించారు. వాళ్ళలో ఒకాయన అంతకుముందు సీజన్‌లో ఓ హుక్కా బహుమతిగా ఇచ్చి వెళ్ళాడు. ఇవ్వడానికి ఇంకేమీ దొరకలేదు ఆ మహానుభావుడికి! బేరం కుదరాలంటే వాళ్ళతో కూర్చుని పీల్చాలట. జన్మలో సిగరెట్ ముట్టని మనిషి, షావుకార్లు వెళ్ళిపోయాక కూడా గొట్టం నోట్లోంచి తియ్యలేదు. "నీళ్ళలోంచి వచ్చే పొగే, ఏం కాదు లేవే" అనేవారు.

మొదట్లో పొగాకు గిన్నె మీద సిల్వర్ పేపర్ బిగించి, చిల్లులు పొడిచి, పైన బొగ్గు పెట్టేవారు. ఆ బొగ్గు వాకిట్లో రాజేసి తెచ్చుకునేవారు. ఇంతలో గోపి ఫోన్‌లో ఓ మెసేజ్ పట్టుకొచ్చాడు. "అన్నయ్యా, సిల్వర్ పేపర్ వేడెక్కితే అల్యూమినియం ఒంట్లోకి పోద్దంట. మతిమరుపు వస్తదంట!"

మా ఆయన హడలిపోయారు. హడలిపోక ఏం చేస్తారు? మా వ్యాపారమంతా ఆయన బుర్రలోనే ఉంది. పిందె మీదున్న తోటలో ఒక్క చుట్టు తిరిగి, ఎన్ని టన్నులు దిగుతుందో చెప్పేవారు. ఆ మాట మీదే మేం తోటలు కొంటాం. ఆ అంచనా పోతే మాకు కూడు లేదు.

అంత భయపడ్డ మనిషి హుక్కా మానెయ్యాలి కదా? అబ్బే! సిల్వర్ పేపర్ మానేశారు. దాని బదులు మామిడాకులు పరిచారు. కొట్టేసిన పాత చెట్టు కాల్చి బొగ్గు చేయించారు. "మన తోట ఆకు, మన చెట్టు బొగ్గు. అంతా నేచురల్ వదినా" అని గోపి నాకు ఉపదేశం. పచ్చి ఆకు మీద బొగ్గు ఊరికే చల్లారిపోతుంది. మాటిమాటికీ లేచి వాకిట్లోకి వెళ్ళడానికి బద్ధకమేసి, కుంపటినే గదిలోకి తెచ్చుకున్నారు. తలుపులు బిగించి, ఏసీ వేసి, మూలన కుంపటి! కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

సాయంత్రం టీకి పిలిస్తే ఎవరూ పలకలేదు. తలుపు తోశాను. గోపి గోడకి ఆనుకుని కక్కుకుంటున్నాడు. మా ఆయన నేల మీద పడి ఉన్నారు. కాయలు ఎత్తే మనుషులు వచ్చి ఇద్దర్నీ వరండాలోకి లాగారు. గాలి తగిలాక గోపి తేరుకున్నాడు. ఈయన తేరుకోలేదు. నేను కారు కోసం వీధిలోకి పరుగెత్తాను. నేను తిరిగొచ్చేలోపు పక్కవీధి ఆర్‌ఎంపీ వచ్చి వేలికి క్లిప్ పెట్టి చూశాడు. "ఆక్సిజన్ తొంభై తొమ్మిదండీ, బ్రహ్మాండంగా ఉంది. వడదెబ్బే" అని సెలైన్ ఎక్కించాడు. గదిలో ఏం చేస్తున్నారని అడిగితే గోపి "ఏసీలో పడుకున్నామండీ" అన్నాడట. షావుకార్లకి తెలిస్తే పరువు పోతుందట! ఆ అబద్ధం పుణ్యమా అని సెలైన్ అయ్యేదాకా అక్కడే కూర్చున్నాం.

అప్పటికీ తెలివి రాకపోతే కార్లో విజయవాడ తీసుకెళ్ళాం. అక్కడ హాస్పిటల్లో డాక్టర్ గారు నన్నడిగారు. "అమ్మా, ఆ గదిలో ఏమన్నా కాలిందా? జనరేటర్, బొగ్గు, ఏదైనా?" గోపి తల దించుకున్నాడు.

"కుంపటండీ. హుక్కా కోసం" అన్నాను.

రక్తం తీశారు. కార్బన్ మోనాక్సైడ్ పాయిజనింగ్. మొహానికి హై ఫ్లో ఆక్సిజన్ పెట్టి ఐసీయూలోకి తీసుకెళ్ళారు. "వేలికి పెట్టే క్లిప్‌కి ఈ గ్యాస్‌కీ ఆక్సిజన్‌కీ తేడా తెలీదమ్మా. అందుకే నార్మల్ చూపించింది" అన్నారు డాక్టర్ గారు.

ఐసీయూ బయట గోపి ఆ డాక్టర్ గారిని ఏమడిగాడో తెలుసా? "అయితే సిల్వర్ పేపరే మంచిదా డాక్టర్ గారూ?" ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. డాక్టర్ గారు విసుక్కున్నారు. "సిల్వర్ పేపర్ వల్ల ఎంత హానో నేను ఖచ్చితంగా చెప్పలేను. మీ అన్నయ్యని ఇక్కడికి తెచ్చింది బొగ్గు. పైన పేపరుంటే ఏంటి, ఆకుంటే ఏంటి? బొగ్గు బొగ్గే, పొగాకు పొగాకే."

మా ఆయన కళ్ళు తెరిచారు. నన్ను పేరు పెట్టి పిలిచారు. ఇంటికొచ్చాం. ఇంటికి రాగానే ఆ హుక్కాని వాకిట్లో రోకలితో పగలగొట్టాను. గండం గడిచిందనుకున్నాను.

కొన్ని వారాలకి మనిషి నెమ్మదించిపోయారు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవారు. ఒకరోజు కొట్లో చిన్నరసం కాయ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇదేం కాయ?" అని అడిగారు. చిన్నరసాల్లో పుట్టి పెరిగిన మనిషి! మళ్ళీ విజయవాడ, ఎంఆర్ఐ. "కొందరికి ఇది ఆలస్యంగా బయటపడుతుంది. చాలావరకు తగ్గొచ్చు. ఎంతవరకో మాటివ్వలేను" అన్నారు డాక్టర్ గారు.

మందులు, ఫిజియోథెరపీ, రోజూ కాయల పేర్లు చెప్పించడం. నెలలు పట్టింది. ఇప్పుడు గుండీలు పెట్టుకుంటున్నారు, కాయల పేర్లన్నీ చెబుతున్నారు. "బతికి బయటపడ్డాడు, ఇంకా కోపమేంటి?" అంటారు చుట్టాలు. కోపం ఉంది. ఏం, ఉండకూడదా? ఆయన మీద ఉంది, గోపి మీద అంతకన్నా ఉంది.

ఈ ఏడు పిందె మీద జి. కొండూరు వైపు ఓ తోట చూడ్డానికి వెళ్ళాం. ఆయన ఒక చుట్టు తిరిగారు. రెండో చుట్టు తిరిగారు. రైతు ధర కోసం ఎదురుచూస్తున్నాడు. మా ఆయన నా దగ్గరకొచ్చి మెల్లిగా, "నాకు అందట్లేదే. నువ్వు చెప్పు" అన్నారు. నాకేం తెలుసు? ఆయన చెయ్యి పట్టుకుని అక్కడే, ఆ రైతు ముందే ఏడ్చాను. తోట కొనకుండా వచ్చేశాం.

ఇంకా కొందరు ఫోన్ చేసి సిల్వర్ పేపర్ మంచిదా, ఆకు మంచిదా అని నన్నడుగుతున్నారు. అది మాత్రం అడగకండి. బొగ్గు కాలిన గదిలో ఎవరికైనా తల నొప్పెట్టినా, కడుపులో తిప్పినా, ముందు వాళ్ళని బయటికి లాగండి. హాస్పిటల్‌కి తీసుకెళ్ళి, అడిగేదాకా ఆగకుండా మొట్టమొదట "గదిలో బొగ్గు కాలింది" అని చెప్పండి. పరువు గురించి తర్వాత చూసుకోవచ్చు. మా పరువు నిక్షేపంలా ఉంది. తోట చూసి కాపు చెప్పే మనిషే లేడు.