ఊట దగ్గర నలభై

పాత మిల్లు వెనక సన్నటి దారి పట్టుకొని పావుగంట నడిస్తే తప్ప ఆ తోట కనిపించదు. అందుకే వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లను తోటమాలి ముందు కర్పూరం చెట్టు దగ్గరికి, ఆ తర్వాత ఫెర్న్ మొక్కల నీడలోంచి ఊట దగ్గరికి తీసుకెళ్తాడు. గోడలాంటి రాతిలోంచి బొటనవేలంత ధార పడుతుంటుంది. మూడు వందల ఏళ్ల కిందట శత్రువులు పదకొండు నెలలు చుట్టుముట్టి కూర్చుంటే, ఊరు ఊరంతా ఈ నీళ్లతోనే బతికింది. ఆ సంగతి అక్కడే పలక మీద చెక్కి ఉంది. అయినా తన నోటితో చెబితే గానీ అతనికి తృప్తి ఉండదు.

చెప్పాక పుస్తకం చూపిస్తాడు. ఈ ఉద్యోగంతో పాటు మామ దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. రోజూ పొద్దున్నే ధార కింద బకెట్ పెట్టాలి, అది నిండేదాకా పైకి అంకెలు లెక్కపెట్టాలి, ఆగిన అంకె రాయాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా అతను రాసింది నలభై. మండుటెండల్లో నలభై ఒకటో, రెండో.

"నేను ముసలాణ్ణయ్యాను గానీ ఈ ఊటకు వయసు రాలేదు" అంటాడు.

ఎగువ గుట్ట మీద నీళ్ల సీసాల కంపెనీకి ఇదివరకే రెండు బోర్లున్నాయి. ఇంకో ఆరు వేస్తామని ఈమధ్య అర్జీ పెట్టుకుంది. ఆ రెండింటివల్ల ఊటకు నష్టం జరగలేదని తేలితే అనుమతి వచ్చినట్టే. ఆ సంగతి తేల్చడానికి నీటి శాఖ ఇంజనీరమ్మ వచ్చింది.

"ఇన్నేళ్లు రోజూ కొలిచిన ఊట మా రికార్డుల్లో ఇంకోటి లేదు బాబాయ్" అంది పుస్తకం తిరగేస్తూ. "దీన్ని చూసే రిపోర్టు రాసేస్తాను."

నారు కుండీలకు నీళ్లు పోస్తున్న అతని భార్య అందుకుంది. "ఇంత దూరం వచ్చారు, ఒకసారి కొలిపించండమ్మా. ఈయన లెక్కపెడుతుంటే చూడాల్సిందే. కచేరీ పెట్టినట్టుంటుంది."

అతను బకెట్ పెట్టి మొదలుపెట్టాడు. నలభై దగ్గర బకెట్ పొర్లింది. ఇంజనీరమ్మ ఫోన్‌లో గడియారం ఆపింది.

"అరవై ఒక్క సెకన్లు."

"మీ గడియారం సరిగ్గానే ఉందా అమ్మా?"

"ఉంది బాబాయ్. మీ అంకె సెకను కంటే సాగింది, అంతే. మొదట్నుంచీ మీ లెక్క ఇదే వేగమైతే ఇబ్బంది లేదు, ఊట తగ్గలేదని రాస్తాను. మొదట్నుంచీ ఇంతేనా?"

భార్య నవ్వింది. "ఇంతేనా అంటే? పెళ్లైన కొత్తలో ఈయన లెక్క వింటే వెనక కుక్కలు తరుముతున్నట్టుండేది. ఇప్పుడు పద్దెనిమిదికీ పంతొమ్మిదికీ మధ్య నేను రెండు కుండీలు తడిపేస్తున్నా."

"నువ్వు ఊరుకోవే" అన్నాడతను.

కానీ అతని చూపు కిందికి పోయింది. ఏళ్ల తరబడి ధార పడిన చోట రాయి గుంట పడి ఉంది. బకెట్ ఆ గుంటలో లేదు. గోడ వైపు జానెడు లోపలికి ఉంది. ధార ఎగిరి పడే బలం తగ్గుతూ వచ్చింది, తను బకెట్ జరుపుతూ వచ్చాడు. ఎప్పుడు జరిపాడో గుర్తు లేదు. నీళ్లు సన్నబడిన కొద్దీ తన గొంతూ నెమ్మదించింది. నలభై మాత్రం నలభైగానే ఉండిపోయింది.

"ఇంతే కాదంటే ఏమవుతుంది?" అని అడిగాడు.

"పుస్తకం లెక్కలోకి రాదని రాయాలి. ఏడాది పాటు గడియారంతో కొలవాలి. అప్పటిదాకా అర్జీ ఆగుతుంది."

అతను పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. మొదట్నుంచీ ఇంతేనంటే ఈ పుస్తకం నిలుస్తుంది, బోర్లు పడతాయి. అట్ట మీద పడిన తడిని చొక్కాతో తుడిచాడు.

"పుస్తకం తప్పని రాయండమ్మా."

"మొత్తమా?"

"ఎక్కణ్ణుంచి చెడిందో తెలిస్తే అక్కణ్ణుంచి అనేవాణ్ణి. మొత్తం రాయండి."

ఆమె రాసింది. అతను సంతకం పెట్టాడు. ఆమె గేటు దాటాక భార్య మెల్లగా అంది: "అనవసరంగా నోరు జారాను."

"నువ్వేం జారావు? రోజూ పైకి లెక్కపెట్టింది నేను. నాకే వినపడలేదు."

మర్నాడు పొద్దున భార్య ఫోన్ పట్టుకొని నిలబడింది. అతను బకెట్‌ను ధార కిందికి నెట్టి ఊరికే కూర్చున్నాడు. ఎంత ఆపుకున్నా పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"మీరు లెక్కపెట్టకండి, నాకు గందరగోళంగా ఉంది" అందామె.

అతను పెదవులు బిగించాడు. బకెట్ నిండింది.

"అరవై రెండు."

ఇంజనీరమ్మ ఇచ్చి వెళ్లిన కాగితంలో, మొదటి గడిలో, అతను ఆ అంకె రాశాడు.