మా అత్త తీయించిన కిటికీ

మొన్న మా హాల్లో ఏసీ బిగించే సంగతి మాట్లాడటానికి వచ్చిన మెకానిక్ చాలా మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విప్పాడు, గోడలు కొలిచాడు, కిటికీల సందులన్నీ మూయించుకోమని సలహా చెప్పాడు. అంతవరకూ బాగానే ఉంది. వెళ్తూ వెళ్తూ బాల్కనీలో ఉన్న మా ఇనుప కూలర్ని చూసి, "ఆంటీ, ఇస్‌కో కబాడీ మే దే దీజియే" అన్నాడు. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమని. మావారు వెంటనే తలూపారు. ఈ మాట ఎవరో ఒకరు అనకపోతారా అని ఆయన పదేళ్ళుగా ఎదురుచూస్తున్నారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. కావాలంటే ఏసీ పెట్టుకోండి, కూలర్ మాత్రం ఈ ఇంట్లోంచి కదలదని ఇద్దరికీ కలిపి చెప్పేశాను. చెప్పాక, ఇది అచ్చం మా మేనత్త మాట్లాడే తీరు కదా అనిపించింది.

మా అత్తా మామయ్యా శ్రీకాకుళం నుంచి రాయ్‌పూర్ వచ్చి గుఢియారీలో, రైలు పట్టాలకి దగ్గరగా రెండు గదుల ఇంట్లో ఉండేవారు. మామయ్య బీర్‌గావ్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. వేసవి సాయంత్రాలు ఇళ్ళకి వెళ్ళి కూలర్లు బాగుచేసేవాడు. ఒక ఏడాది నిచ్చెన మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ చేతికి పట్టు రాలేదు. ఫ్యాక్టరీవాళ్ళు ఇంటికి పంపేశారు. ఇక మిగిలింది కూలర్ల పని. స్క్రూ తిప్పలేని మనిషి ఆ పనెలా చేస్తాడు? అందుకని ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే అత్త చేసేది. రెండు వేసవులు గడిచేసరికి ఆయన చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. అయినా ఆయన చెబుతూనే ఉండేవాడు, ఆవిడ వినకుండానే చేస్తూ ఉండేది. వాళ్ళిద్దరూ అంత సుఖంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

నేను పెళ్ళై రాయ్‌పూర్ వచ్చిన కొత్త అది. పగలు తోచక అత్త వెంట తిరిగేదాన్ని. ఇక్కడ హోలీ రంగులు ఒంటి మీంచి వదలగానే ప్రతి ఇంట్లోనూ కూలర్ మీద కప్పిన గోనెపట్టా తీస్తారు. అత్త చీర కొంగు బొడ్లో దోపి, పసుపుపచ్చ టేపు చుట్టిన స్క్రూడ్రైవర్ నడుముకి చెక్కుకుని స్టూలెక్కేది. మూడు పక్కల జాలీలు ఊడదీసి, ఫ్యాక్టరీల నల్లదుమ్ము పట్టి అట్టలు కట్టిన పాత గడ్డిని పీకి పారేసేది. నీళ్ళ పైపు కన్నాల్లో పేరుకున్న సున్నాన్ని చీపురుపుల్లతో పొడిచేది. తుప్పు పట్టిన అడుగుకి డాంబరు పూసేది. కొత్త గడ్డి మీద మొదటిసారి నీళ్ళు జారినప్పుడు వచ్చే వాసన కోసం నేను కూలర్ ముందు మొహం పెట్టి నిలబడితే, ముందు ప్లగ్గు తియ్యవే తల్లీ అని కసిరేది. కరెంటు విషయంలో ఆవిడకి ఎవరిమీదా నమ్మకం లేదు, నామీద అసలే లేదు.

మా తెలుగువాళ్ళ సంఘానికి ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనదీ మా జిల్లాయే, సముద్రం పక్క ఊరు. ఆ ఏడు ఉగాదికి అందరం చేరినప్పుడు ఆయన మామయ్యని పిలిచి, ఆడమనిషి నిచ్చెనలెక్కి పరాయిళ్ళ కిటికీల్లో నిలబడితే మనవాళ్ళ పరువేం కావాలి అని నిలదీశారు. ఇకమీద మన ఇళ్ళకి ఆవిణ్ణి ఎవరూ పిలవద్దని కూడా అన్నారు. మామయ్య తల దించుకున్నాడు. మనవాళ్ళ ఇళ్ళే వద్దంటే ఆ సంసారం నడిచే దారి లేదని అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు, నాతో సహా. అది తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అత్త మాత్రం ఉగాది పచ్చడి గిన్నె కింద పెట్టి లేచింది.

"మీ ఇంటి కూలర్ ముగ్గురు మగోళ్ళు చూసినారు గదా అన్నయ్యగారూ, చల్లబడ్డదా? నాను చూత్తాను. చల్లబడకపోతే ఈ పేచ్‌కస్ మీ గుమ్మంలోనే ఒగ్గీసి పోతాను. మళ్ళీ ముట్టను."

పేచ్‌కస్ అంటే స్క్రూడ్రైవరే. పండగ పూట కూడా అది ఆవిడ చేతిసంచిలో ఉందని అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాం. ఇల్లు ఆవిరి కుడుముల గిన్నెలా ఉంది. అత్త కూలర్ విప్పింది. గడ్డి కొత్తది, పంపు కొత్తది, ఫ్యాను బాగానే తిరుగుతోంది, నీళ్ళు మూడు పక్కలా సమానంగా జారుతున్నాయి. బాగుచెయ్యడానికి ఏమీ లేదు. పెద్దాయన కుర్చీలో కూర్చుని నవ్వుతున్నారు. అత్త పైపెదవి మీద చెమట పట్టింది. ఆవిడ స్టూలు దిగి, దేవుడి గూటి వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. దణ్ణం పెట్టుకుంటోందనుకున్నాను. గూట్లో అగరొత్తి పొగ ఎటూ పోకుండా అక్కడే ముద్దగా తిరుగుతోంది. అత్త చూస్తున్నది దాన్ని. తర్వాత గదులన్నీ తిరిగింది. ప్రతి కిటికీ మూసి ఉంది. సందుల్లో పాత నేత చీరలు చింపి కుక్కి ఉన్నాయి. చల్లగాలి బయటికి పోకుండా పెద్దాయన తన చేతులతో చేసుకున్న ఏర్పాటు. సముద్రపు గాలికి పెరిగినవాళ్ళం, కూలర్ల సంగతి మనకేం తెలుసు?

"కూలర్‌కేటీ రోగం లేదు. ఎనకగదిలో కిటికీ తియ్యండి."

తీస్తే చల్లదనమంతా పోతుందని, వడగాలి లోపలికి కొడుతుందని, చేతకాక కిటికీ మీద నెడుతున్నావని ఆయన గట్టిగానే అన్నారు. అత్త గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"పాత గాలి పోకపోతే కొత్త గాలి ఎక్కడ పడతాది? ఆ కిటికీ తీసినదాకా నాను ఇక్కడి నుంచి లేవను."

వంటింట్లోంచి పెద్దాయన భార్య వచ్చింది. ఆవిడ జాకెట్టు ఒంటికి అతుక్కుపోయి ఉంది. మొగుడి వైపు చూడకుండా వెనకగదిలోకి నడిచి, కుక్కిన గుడ్డలన్నీ లాగి కింద పడేసి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. దేవుడి గూట్లో పొగ ఒక్కసారి తల వంచి, గది దాటి ఆ కిటికీ వైపు సాగింది. కాసేపటికి గోడనున్న కేలెండరు కాగితాలు రెపరెపలాడాయి. నా మెడ మీద చెమట చల్లబడింది. పెద్దాయన మాత్రం ఇవాళ బయట ఎండ కాస్త తగ్గినట్టుంది అన్నారు. అత్త స్క్రూడ్రైవర్ నడుముకి చెక్కుకుని లేచింది. ఆ వారంలోనే వాళ్ళావిడ తన చెల్లెలి ఇంటికి అత్తని స్వయంగా వెంటబెట్టుకు వెళ్ళింది. మళ్ళీ సంఘంలో ఎవరూ పరువు మాట ఎత్తలేదు.

అత్త పోయాక ఆ స్క్రూడ్రైవర్ నాకొచ్చింది. మెకానిక్ వెళ్ళగానే దాన్ని తీసి, స్టూలు తెచ్చుకున్నాను. ఈ వయసులో ఎక్కడమేమిటని మావారు గొణిగారు. ఎక్కాను. జాలీ విప్పుతూ, ఆ రోజు వాళ్ళింట్లో స్టూలు మీద నిలబడ్డప్పుడు అత్తకి ఎన్నేళ్ళుంటాయా అని ఆలోచించాను. నలభై నిండలేదు. ఇప్పటి నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. ఇన్ని వేసవులుగా ఎంతో పెద్దావిడ అనుకుంటూ వచ్చాను గానీ, ఆ గచ్చు మీద మొండికేసి కూర్చున్నది ఒక చిన్నపిల్లేనని తెలియడానికి నాకింత వయసు రావాల్సి వచ్చింది.